ఎర్ర సున్నా

తలనొప్పి అని నోరు తెరిస్తే చాలు, ప్రతివాడూ డాక్టరైపోతాడు. కడుపునొప్పి అంటే కాస్త జాలిపడతారు, గుండెనొప్పి అంటే పరుగెత్తుకొస్తారు, తలనొప్పి అంటే మాత్రం సలహాలు చెప్తారు. అందులోనూ నలభై నాలుగేళ్ళ ఆడమనిషికి తలనొప్పి అంటే నవ్వి మరీ చెప్తారు. ఆ నవ్వుల్నీ ఆ సలహాల్నీ సిస్టర్ పద్దెనిమిది నెలలు పంటి బిగువున భరించింది.

సిస్టర్ అంటే నర్సు కాదు. పళ్ళ డాక్టరుగారి క్లినిక్‌లో కుర్చీ పక్కన నిలబడి, పేషెంటు నోట్లో ఊరే నీళ్ళు పీల్చే గొట్టం పట్టుకునే మనిషి. పన్నెండేళ్ళ కిందట మొదటిరోజే ఎవరో ముసలాయన నోరు తెరిచి ఉండగానే "సిస్టర్" అని మూలిగాడు. ఆ పిలుపు అలా ఉండిపోయింది. ఇంట్లో మొగుడు కూడా ఆమెకి కోపం వచ్చిందని తెలిస్తే "చిత్తం సిస్టర్" అంటాడు.

నొప్పి ఎడమ కంటి కింద మొదలయ్యేది. బుగ్గ ఎముక వెనక ఎవరో బొటనవేలు పెట్టి లోపలినుంచి తోస్తున్నట్టు ఉండేది. అక్కణ్ణించి కనుబొమ మీదికి పాకి, మధ్యాహ్నానికి ఎడమవైపు తలంతా పట్టేసేది. నిటారుగా నిలబడితే ఎలాగోలా ఓర్చుకోవచ్చు, వంగితే మాత్రం కళ్ళు బైర్లు కమ్మేవి. ఆమె పని చూస్తే పొద్దుణ్ణించి సాయంత్రం దాకా వంగడమే.

మొగుడు లిఫ్టు మెకానిక్కు. ఏదైనా ఒక తీగ తప్పు అనో, ఒక బోల్టు తప్పు అనో తేల్చందే అతనికి నిద్ర పట్టదు. సెల్‌ఫోన్ వల్లే నొప్పి అని తేల్చాడు. పొరుగు వీధిలో ఉండే ఆడపడుచు ఇంకో మెట్టు పైకెక్కి, "వదినా, నీకు కోపమెక్కువ, అది తలకెక్కుతోంది, అంతే" అంది. ఆ మాట అన్నాక నిజంగానే కోపం తలకెక్కింది కాబట్టి, ఆడపడుచు తన మాటే గెలిచిందనుకుంది.

కళ్ళ డాక్టరు అద్దాలు రాశాడు. వీధి చివరి డాక్టరు జలుబు అని మూడుసార్లు మందులిచ్చాడు. వేసుకున్న వారం హాయిగా ఉండేది, ఆపిన వారానికి నొప్పి మళ్ళీ తన ఇంటికొచ్చినట్టు వచ్చి కూర్చునేది. పెద్దాసుపత్రిలో ఒకాయన ఒక్కవైపు నొప్పి కాబట్టి మైగ్రేన్ అన్నాడు. ఆయన మాట తెలివితక్కువది కాదు, ఒక్కవైపు తలనొప్పి అంటే చాలామందికి అదే అవుతుంది. ఆయన మాత్రలకి నిద్ర వచ్చింది గానీ నొప్పి పోలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, కంపు ఒక ఎత్తు. నొప్పి మొదలైన రెండు నెలలకి సిస్టర్‌కి ఏదో కుళ్ళిన వాసన రావడం మొదలైంది. ఇంట్లో వాష్‌బేసిన్ కింద పైపు విప్పించింది. మొగుడు దాన్ని రెండుసార్లు విప్పి, కడిగి, బిగించి, "ఇందులో కంపు కొట్టే పదార్థం నేనొక్కణ్ణే మిగిలాను" అన్నాడు. క్లినిక్‌లో ఉమ్మే తొట్టి గొట్టాన్ని ఆమె రోజూ వేడినీళ్ళతో కడిగింది. ఆ కంపు తన ముక్కులోంచే, అదీ ఎడమవైపు నుంచే వస్తోందని తెలుసుకోవడానికి చాలా రోజులు పట్టింది. తెలిశాక ఎవరితోనూ దగ్గరగా మాట్లాడడం మానేసింది. ఆడపడుచు కూతురి నిశ్చితార్థంలో గోడకి ఆనుకుని నిలబడి, పలకరించిన వాళ్ళందరికీ తలమాత్రం ఊపింది. ఆమెకి గర్వం పెరిగిందని బంధువుల్లో పేరొచ్చింది.

ఇన్ని జరుగుతున్నా ఆమెకి కొండంత అండ ఒకటుంది, ఆ అండ పళ్ళ డాక్టరుగారే. ఆయన మంచివారని ఆమె చెప్పని చోటు లేదు. నలుగురి ఎదుట కసరరు, జీతం ఆలస్యం చేయరు. పనిలో పద్ధతి అంటే ప్రాణం. చేరిన మొదటి నెలలో ఆమె ఒక కేసు షీటు మీద తప్పుపడిన మాటకి తెల్లసిరా పూస్తే, ఆయన ఆ షీటుని తీసి వెలుతురులో పట్టి చూపించారు. "దిద్దకూడదమ్మా. తప్పు రాస్తే దాని మీద ఒక్క గీత గియ్యాలి, పక్కన సంతకం పెట్టాలి. కింద ఏం రాశామో రేపు ఎవరైనా చదవగలగాలి. వైద్యంలో తప్పు కంటే తప్పుని దాచడం పెద్ద తప్పు" అన్నారు. ఆ మాటని ఆమె నెత్తిన పెట్టుకుంది. తర్వాత చేరిన ఇద్దరు రిసెప్షన్ పిల్లలకీ అదే పాఠం చెప్పింది.

ఆయనకి ఇంకో పద్ధతి ఉంది. పంటి ఎక్స్‌రే తీశాక, చిన్న ఫిల్మ్‌ని కవర్లో పెట్టి, దాన్ని మళ్ళీ చూడాల్సిన అవసరం ఉంటే కవరు మీద ఎర్రపెన్నుతో సున్నా చుడతారు. వేరు కింద నల్లమచ్చ కనిపించినా, నింపిన మందు వేరు దాటి పైకి పోయినా, ఏ అనుమానం ఉన్నా సరే ఎర్ర సున్నా పడుతుంది. ఆ సున్నాలన్నిటినీ సిస్టర్ కేసు షీట్లలోకి ఎక్కిస్తుంది. ప్రతి నెలా మొదటి సోమవారం ఆ షీట్లు ముందు పెట్టుకుని ఫోన్లు చేస్తుంది. "మీ పన్ను ఒకసారి మళ్ళీ చూడాలండీ, బుగ్గ దగ్గర బరువుగా గానీ, ముక్కులో వాసనగా గానీ ఉందా?" అని అడుగుతుంది. ఈ ప్రశ్న డాక్టరుగారే రాసిచ్చారు. పన్నెండేళ్ళుగా ఆమెకి కంఠతా వచ్చు.

అయితే కేసు షీటు అందరికీ ఉండదు. క్లినిక్‌లో పనిచేసేవాళ్ళకీ, డాక్టరుగారి చుట్టాలకీ, ఆయన మొహమాటపడే నలుగురైదుగురికీ వైద్యం ఉచితం. ఉచితం కాబట్టి షీటు రాయరు. "మనవాళ్ళకి కాగితాలెందుకు" అనేవారు ఆయన. అది వినడానికి ఎంత బాగుండేదంటే, ఆ మాట తనకీ వర్తించినప్పుడు సిస్టర్ కళ్ళు చెమర్చాయి.

అది ఇరవై నెలల కిందటి మాట. ఆమె ఎడమ పైదవడలో ఆరో పన్ను పుచ్చి నొప్పెట్టింది. డాక్టరుగారే మూడు సిట్టింగుల్లో రూట్ కెనాల్ చేశారు. చివరిరోజు పంటి వేళ్ళలో మందు నింపాక ఎక్స్‌రే తీశారు. ఫిల్మ్ కడగడం ఎప్పుడూ ఆమె పనే. ఆ రోజు మాత్రం ఆయనే ఫిల్మ్ తీసుకుని నల్లపెట్టెలో చేతులు దూర్చి కడిగారు. ఫిల్మ్‌లు చూసే దీపం పెట్టె మీద పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత వచ్చి ఆమె భుజం తట్టి, "బాగా వచ్చిందమ్మా. ఈ రోజు నువ్వు పేషెంటువి, ఇంటికెళ్ళి పడుకో" అన్నారు. పనిలో చేరాక మొదటిసారి మధ్యాహ్నం మూడింటికి ఇల్లు చేరిన ఆమె, ఆయన మంచితనాన్ని వీధంతా చెప్పుకుంది. ఫిల్మ్ కూడా ఆయనే కడిగారని ఆడపడుచుకి రెండుసార్లు చెప్పింది.

రెండు నెలలకి తలనొప్పి మొదలైంది. డాక్టరుగారికి చెప్పింది. ఇంట్లో ఏమైనా గొడవలా అని అడిగారు. లేవంది. ఎడమ బుగ్గ బరువుగా ఉంటోందని చెప్పింది. రోజూ పొద్దున్నే అరగంట నడవమన్నారు. ఆమె నడిచింది. ముక్కులో వాసన సంగతి చెప్పడానికి సిగ్గుపడి, చివరికి ఒకరోజు చెప్పేసింది. ఆయన చేతులు కడుక్కుంటున్నారు. కొళాయి కట్టెయ్యకుండానే, "ఈ వయసులో ఆడవాళ్ళకి ఇలాంటి భ్రమలు వస్తుంటాయమ్మా, మనసు ప్రశాంతంగా పెట్టుకో" అన్నారు. నెల మొదటి సోమవారం ఆయన ఎదుటే కూర్చుని ముప్ఫైమంది పరాయివాళ్ళని ముక్కులో వాసన ఉందా అని అడిగే మనిషికి ఆయన చెప్పిన జవాబు అది. ఆమె ఆ జవాబుని నమ్మి, ప్రశాంతంగా ఉండడానికి నానా తంటాలూ పడింది.

అసలు దారి దొరికింది లిఫ్టులో. ఒక ఆసుపత్రిలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోతే మొగుణ్ణి పిలిపించారు. లోపల ఇరుక్కున్నది చెవి ముక్కు గొంతు చూసే డాక్టరమ్మ. పైన మోటారు చక్రాన్ని మనుషులు మెల్లగా చేత్తో తిప్పుతుంటే, ఇతను కింద తలుపు సందులోంచి ఆమెకి ధైర్యం చెప్తూ నిలబడ్డాడు. ధైర్యం చెప్పడం అయిపోయింది, లిఫ్టు ఇంకా దిగలేదు. ఊరికే ఉండలేక పెళ్ళాం తలనొప్పి గురించి మొదలుపెట్టాడు. వాష్‌బేసిన్ పైపు దాకా వచ్చేసరికి లోపలినుంచి గొంతు వినిపించింది. "కంపు ఒక్కవైపేనా? ఎడమవైపేనా? రేపు పదింటికి తీసుకురండి" అంది.

డాక్టరమ్మకి ముప్ఫై ఐదేళ్ళుంటాయి. గది చిన్నది, ఒక కుర్చీ, ఒక తెర, సన్నటి గొట్టం చివర కెమెరా. ఆవిడ మొట్టమొదట అడిగింది తల గురించి కాదు. పైపళ్ళకి ఎప్పుడైనా వైద్యం జరిగిందా అని అడిగింది. సిస్టర్‌కి నవ్వొచ్చింది. పన్నెండేళ్ళుగా పళ్ళ మధ్యే బతుకుతున్నానని చెప్పి, రూట్ కెనాల్ సంగతి చెప్పింది. ముక్కులో మందు చల్లి, గొట్టం పంపించి చూశారు. తర్వాత స్కాన్ తీయించారు. సాయంత్రం తెరమీద తన పుర్రె చూసుకుంది సిస్టర్. కుడి బుగ్గ వెనక నల్లటి ఖాళీ, ఎడమ బుగ్గ వెనక మబ్బు పట్టినట్టు బూడిదరంగు. ఆ మబ్బులో తెల్లగా మెరుస్తూ ఒక గింజ.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. సైనస్ అంటే జబ్బు పేరు కాదు, అందరికీ ఉండే గాలిగది. దాని గుమ్మం ముక్కులోకి తెరుచుకుంటుంది. జలుబు చేసి గుమ్మం వాస్తే లోపల చీము పట్టి బరువు, నొప్పి వస్తాయి. మామూలుగా అయితే కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కోవడం, వాపు తగ్గే స్ప్రే, కాస్త ఓపిక, వీటితోనే చాలామందికి తగ్గిపోతుంది. ప్రతిదానికీ యాంటీబయాటిక్కులు మింగక్కర్లేదు. పైపంటి వేళ్ళకీ ఈ గదికీ మధ్య గోడ మాత్రం ఉల్లిపొరంత పలచన. నింపిన మందు ఆ గోడ దాటి గదిలోకి పోయింది. దాని చుట్టూ బూజు కట్టింది. ముల్లు లోపల ఉండగా పైపైన ఎన్ని మందులు రాసినా పుండు మానదు. ముక్కులోంచే గుమ్మం పెద్దది చేసి, గదిని శుభ్రం చేసి, ఆ గింజ తీసేయాలి. ఆ తర్వాత పన్ను ఉంచాలా తీయాలా చూడాలి.

"మందు కొంచెం దాటడం ఎవరి చేతిలోనైనా జరుగుతుంది, అది నేరం కాదు" అంది డాక్టరమ్మ. "ఏ మందు వాడారో, ఏ తేదీనో, చివరి ఎక్స్‌రేలో ఏం కనిపించిందో మీ డాక్టరుగారి దగ్గర రాయించుకురండి. అది చూసుకుని ఆపరేషన్‌కి దిగుతాను. ఆయన అప్పుడే మీకు చెప్పి ఉంటారు కదా?"

సిస్టర్ స్కాన్ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. 

ఇంటికొచ్చాక మొగుడితో వాదించింది. ఆయనకి తెలిసి ఉండదంది. తెలిస్తే చెప్పరా, అంత పద్ధతి మనిషి, అంది. మొగుడు చాలాసేపు విన్నాడు. అతను మామూలుగా ఇలాంటప్పుడు ఏదో ఒక జోకు వేస్తాడు. ఈసారి వెయ్యలేదు.

"మేం లిఫ్టులో బోల్టు మార్చినా మోటారు గదిలో కార్డు మీద రాస్తాం" అన్నాడు. "ఏ రోజు, ఎవరు, ఏం చేశారు అన్నీ. మనవాళ్ళ బిల్డింగైనా సరే. ఆ లిఫ్టు ఎక్కేది మనవాళ్ళే కదా, ఇంకా జాగ్రత్తగా రాస్తాం. ముందు నీ కార్డు ఎక్కడుందో చూడు."

కార్డు లేదని ఆమెకి తెలుసు. ఫిల్మ్ మాత్రం ఎక్కడో ఉండాలి.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికే వెళ్ళి క్లినిక్ తాళం తీసింది. ఫిల్మ్ కడిగే గదిలో పై అరమీద పాత బిస్కెట్ల డబ్బా ఒకటుంది. షీటు లేనివాళ్ళ ఫిల్మ్‌లని డాక్టరుగారే కవర్లో పెట్టి అందులో పడేస్తారు. పారేయడానికి ఆమెకి మనసొప్పదు కాబట్టి అది పన్నెండేళ్ళుగా నిండుతూ వచ్చింది, ఆమె దాన్ని తుడిచి మళ్ళీ అక్కడే పెడుతూ వచ్చింది. డబ్బాని బల్లమీద బోర్లించి, ఒక్కో కవరూ తీసి చూసింది. తనది దొరకడానికి పావుగంట పట్టింది.

కవరు మీద డాక్టరుగారి చేతిరాత. పన్ను నంబరు, తేదీ. వాటి పక్కన ఎర్ర సున్నా.

ఫిల్మ్‌ని దీపం పెట్టె మీద పెట్టనక్కర్లేకపోయింది, అయినా పెట్టింది. మూడు వేళ్ళలో తెల్లటి గీతలు, లోపలి వేరు గీత మాత్రం వేరు దాటి పైకి పోయి, చివర చిన్న గింజయి ఆగింది. ఇలాంటివి ఆమె ఎన్ని చూసిందో లెక్కలేదు. ఎన్నిటికి ఫోన్లు చేసిందో లెక్కలేదు. ఆయన చూశారు. చూసి, ఎర్రపెన్ను తీసి, సున్నా చుట్టి, కవరు మడిచి, ఈ డబ్బాలో పడేసి, బయటికొచ్చి ఆమె భుజం తట్టారు. ఆ తర్వాత పద్దెనిమిది నెలలు పక్కనే నిలబడి ఆమె గొట్టం పట్టుకుంటుంటే, ఆమె మూలుగుతుంటే, నడవమన్నారు, భ్రమ అన్నారు, మనసు ప్రశాంతంగా పెట్టుకోమన్నారు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. అంతకంటే ఎక్కువగా సిగ్గేసింది. ఫిల్మ్ కడిగినందుకు ఆయన్ని పొగిడిన ప్రతి నోటిమాటా ఇప్పుడు తన మొహం మీదికే తిరిగొచ్చింది. మూడింటికి ఇంటికి పంపితే అది దయ అనుకుంది. తను ఉంటే ఫిల్మ్ చూస్తుంది కాబట్టి పంపారు. 

తర్వాత డబ్బాలో మిగిలిన కవర్లని మొదటినుంచీ మళ్ళీ చూసింది. ఎర్ర సున్నాలు ఇంకా నాలుగు దొరికాయి. ఒకటి డాక్టరుగారి సొంత మరదలిది. ఒకటి మందుల షాపు ముసలాయనది. ఒకటి మానేసిన రిసెప్షన్ పిల్లది. ఒకటి మూడేళ్ళ కిందట క్లినిక్ ఊడ్చిన అక్కది. ఆ అక్క ఎప్పుడూ బుగ్గకి కొంగు అదుముకుని తిరిగేదని సిస్టర్‌కి అప్పుడు గుర్తొచ్చింది.

డాక్టరుగారు తొమ్మిదింటికి వచ్చారు. అప్పటికి హాల్లో ఇద్దరు పేషెంట్లు కూర్చున్నారు. లోపలికొచ్చేసరికి సిస్టర్ ఏప్రన్ లేకుండా పేషెంటు కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె ఒళ్ళో అట్ట, అట్టమీద ఖాళీ కేసు షీటు, పైన తన పేరు, వయసు తనే రాసుకుంది. మళ్ళీ తలనొప్పా అని ఆయన నవ్వుతూ అడిగారు.

"ఈ రోజు నేను పేషెంటుని డాక్టరుగారూ" అంది. "తలుపు వెయ్యండి."

ఆయన వేశారు. దీపం పెట్టె మీద ఫిల్మ్ కనిపించింది. దాన్ని చూడడానికి ఆయన ఒక్క అడుగు కూడా ముందుకెయ్యలేదు. అది చాలు ఆమెకి. స్కాన్ కాగితం ఇచ్చి, ముక్కు డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పి, కావలసిన వివరాలేంటో చెప్పింది. ఆయన నీళ్ళు నమిలారు. మందు రవ్వంతే దాటిందన్నారు, నూటికి తొంభైమందికి ఏమీ అవదన్నారు, కంగారుపెట్టడం ఎందుకని ఊరుకున్నానన్నారు. ఆపరేషన్ చేసే స్నేహితుడు తనకి ఉన్నాడని, అంతా తనే చూసుకుంటానని, దీన్ని ఇలా కాగితాల దాకా లాగడం ఏం బాగుంటుందని అన్నారు.

"మన మధ్య ఇవన్నీ ఏంటమ్మా. మనవాళ్ళం కదా."

"పరాయివాళ్ళకి నాచేత ఫోన్లు చేయించారు" అంది సిస్టర్.  "ముక్కులో వాసన ఉందా అని అడగమని మీరే రాసిచ్చారు. నాకు ఉందని నేనే వచ్చి చెప్పాను. భ్రమ అన్నారు. మరి నాకు ఎవరు ఫోన్ చెయ్యాలి డాక్టరుగారూ?"

ఆయన జేబులోంచి పెన్ను తీసి, అట్ట అందుకుని, చక్రాల స్టూలు మీద కూర్చున్నారు. పన్ను నంబరు రాశారు. నింపిన మందు పేరు రాశారు. మందు వేరు దాటి సైనస్ వైపు పోయిందని రాశారు. అక్షరాలు ఎప్పట్లాగే గుండ్రంగా, పద్ధతిగా ఉన్నాయి. సిస్టర్ ఎదురుగా కూర్చుని తలకిందులుగా చదువుతోంది. పన్నెండేళ్ళుగా కుర్చీకి అవతలివైపు నిలబడి ఆయన రాతని అలా తలకిందులుగానే చదివింది.

షీటు అడుగున ఒక గడి ఉంటుంది, 'రోగికి తెలియజేసినవి' అని. దాని కింద తేదీ, సంతకం. ఆయన అక్కడికొచ్చి క్షణం ఆగారు. తర్వాత గబగబా రాశారు. పరిస్థితి రోగికి వివరించడమైనది. తేదీ వేశారు.

వేసింది ఇరవై నెలల కిందటి తేదీ.

సిస్టర్‌కి నొప్పి ఒక్కసారి కంటి కింద పోటెత్తింది. ఆయన సంతకం పెట్టబోతుంటే వేలు తీసుకెళ్ళి ఆ తేదీ మీద ఆనించింది.

"ఆ రోజు నన్ను ఇంటికి పంపించారు. ఏమీ చెప్పలేదు. ఈ రోజు తేదీ వెయ్యండి."

ఆయన మొహం ఎర్రబడింది. పెన్ను తిప్పి ఆ అంకెల మీద గట్టిగా, అడ్డదిడ్డంగా కొట్టెయ్యబోయారు. ఆమె అట్ట వెనక్కి లాగింది.

"అలా కాదు. ఒక్క గీత" అంది. "పక్కన సంతకం. కింద ఏం రాశారో రేపు ఎవరైనా చదవగలగాలి. మీరు నేర్పిందే."

గదిలో కొళాయి కారుతోంది. బయట హాల్లో ఎవరో దగ్గారు. డాక్టరుగారు ఒక్క గీత గీశారు, సన్నగా. పక్కన సంతకం పెట్టారు. దాని కింద ఆ రోజు తేదీ వేశారు. పాత తేదీ ఆ గీత కిందినుంచి స్పష్టంగా, ఏ అంకె ఆ అంకెగా కనబడుతూనే ఉంది.

సిస్టర్ షీటు రెండు కాపీలు తీసింది. ఒకటి ఆయన బల్లమీద పెట్టింది, ఒకటి సంచిలో పెట్టుకుంది. అసలుది ఫైలులో అక్షరాల వరసలో, దాని చోట అది పెట్టింది. ఇక రేపటినుంచి రావా అని ఆయన మెల్లగా అడిగారు. ఆ సంగతి ఆపరేషన్ అయ్యాక ఆలోచిస్తానని, ఈ రోజు మాత్రం పని ఇంకొంచెం మిగిలిందని చెప్పింది.

ముందు గదిలోకొచ్చి బల్ల దగ్గర కూర్చుంది. డాక్టరుగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు, మొదటి పేషెంటు లేచి ఆయన వైపు చూస్తోంది. సిస్టర్ నాలుగు కవర్లూ వరసగా పేర్చి, పాత నోటుబుక్కులో నంబరు వెతికి, ఫోన్ తీసింది. చాలాసేపు మోగాక అవతల ఎత్తారు.

"అక్కా, నేను పళ్ళ క్లినిక్ సిస్టర్‌ని. మీ ఎక్స్‌రే మీద ఎర్ర సున్నా ఉంది. మూడేళ్ళుగా ఉంది. మీకెవరూ చెప్పలేదు, నేను చెప్తున్నాను. బుగ్గ దగ్గర బరువుగా ఉంటోందా?"